అట్టపెట్టెల బిజినెస్ క్లాసు

శనివారం మధ్యాహ్నానికల్లా లీవు కాగితం మీద ముదీర్, అంటే తన గల్ఫ్ కంపెనీ మేనేజరు, సంతకం పెట్టించుకోవాలని రత్నాకర్ పొద్దున్నే పథకం వేసుకున్నాడు. ఆ సంతకానికి ముదీర్ షాహబాజ్ పెట్టిన షరతు వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆయన టోక్యో పోవాలట. రెండు జపాన్ విమాన కంపెనీల బిజినెస్ క్లాసులను పోల్చి, దేనిలో హాయిగా నిద్రపడుతుందో రత్నాకర్ తేల్చాలట. ఎకానమీలో నడిమి సీటు తప్ప ఎరగని మనిషికి ఇదేం పరీక్షండీ!

అవతల రత్నాకర్ భార్య సుభాషిణి చెల్లెలు రేణుక పెళ్లి వచ్చే వారమే. లీవు ఇప్పటికే రెండుసార్లు తిరగ్గొట్టారు. మొదటిసారి ఆశపడి సర్దిన పట్టుచీరల పెట్టెను సుభాషిణి ఇంకా విప్పనే లేదు.

నెట్‌లో ఫొటోలన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. రత్నాకర్‌కు చిర్రెత్తింది. కింది దుకాణం నుంచి అట్టపెట్టెలు మోసుకొచ్చి, నెట్‌లో చూసిన కొలతలతో హాల్లో రెండు క్యాబిన్లు కట్టేశాడు. మొదటి కంపెనీది వెడల్పే కానీ సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. రెండోది ఇరుకు, గోడలు ఎత్తు. గోడకు ఒక పెట్టె తక్కువైతే పట్టుచీరల పెట్టెను ఎత్తి పెట్టాడు.

"ఏందయ్యా ఇది? నా చీరల పెట్టెనే దొరికిందా నీకు?" అని సుభాషిణి గరిటెతో వంటింట్లోంచి వచ్చింది.

"జర ఆగవే! నీ చెల్లె పెండ్లి కోసమే గదా ఈ తిప్పలు!"

అంతలో తెరిచిన తలుపులోంచి పక్కింటి రజియా బేగం తొంగిచూసింది. గల్ఫ్‌లో మనవాళ్ల హాల్లో అట్టపెట్టెలు లేచాయంటే ఒకటే అర్థం, ఊరికి ప్రయాణం. ఊరికి పోయేవాడి సామానులో ఇరుగుపొరుగుకూ వాటా ఉంటుంది. ఆమె మొహం ఎర్రబడింది.

"ఏమ్మా సుభాషిణీ, ఊరికి పోతా మాటమాత్రం చెప్పలేదే! మేం పరాయోళ్లమైపోయినామా?"

"అయ్యో అక్కా, గివి విమానం సీట్లు!"

"నా చెవిలో పూలేమన్నా కనబడతా ఉండాయా?" అని ఆమె విసురుగా వెళ్లి, ఊళ్లో తనవాళ్లకు ఇమ్మని రైస్ కుక్కరూ పాలపొడి డబ్బాలూ తెచ్చి దబ్బున పెట్టింది. వెనకే బిల్డింగంతా దుప్పట్లతో, సబ్బులతో దిగింది. కాదన్న కొద్దీ అందరికీ కోపమే. ఒక్కరైనా చెప్పింది వినరే!

రజియా భర్త పేరు నన్నే సాహెబ్, షాహబాజ్ కారుకు డ్రైవరు ఆయనే. భార్య ఫోన్‌లో చెప్పిన మాటను ఆయన ముదీర్ చెవిన వేశాడు. కాసేపటికి షాహబాజ్ నిప్పులు కక్కుతూ వచ్చి పడ్డాడు.

"క్యా రత్నాకర్! లీవు ఇయ్యకముందే భాగ్‌తున్నవా? నౌకరీ ఖలాస్!"

"సార్, మీ మీద ఒట్టు! ఇవి మీ సీట్లే. పండుకోని చూడున్రి!"

షాహబాజ్ గుర్రుగా చూస్తూనే మొదటిదాంట్లో కూర్చున్నాడు. వెనక్కి తిరిగిన సీటు కదా, ఎదురుగా వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకున్న సుభాషిణి.

"మా చెల్లె పెండ్లికి పోనియ్యవా సారూ? నీకేం పాపం చేసినం?"

"అరె బాప్‌రే, దీంట్ల నీంద్ ఎట్లొస్తది?" అంటూ ఆయన రెండోదాంట్లోకి దూరాడు. ఎత్తు గోడల వెనక ఎవరి మొహమూ కనబడదు. కాసేపటికి గురక మొదలైంది. ఆయన గురకకు ఇల్లంతా కాపలా!

లేచాక షాహబాజ్ మొహం వెలిగిపోయింది. "వహ్వా! ఇదే బుక్ చెయ్. లా, కాగజ్ ఇటియ్." కలం కాగితం దాకా వెళ్లి ఆగింది. ఆయన చూపు పార్సిళ్ల మీద పడింది.

"సబ్ కా సామాన్ పోతుంది కదా. హైదరాబాద్‌ల మా అమ్మీకి కూడా థోడా పంపిస్త. పర్వాలేదా?"

సుభాషిణి పళ్లు నూరింది. "తెండి సార్."

సంతకం పడింది. ఆ థోడా సామాను నన్నే సాహెబ్ ఒక్కడి వల్ల మోయడం కాలేదు.

రేణుక పెళ్లికి మొగుడూ పెళ్లాలిద్దరూ వేళకే చేరారు. అందరి సామానుతో తూకం నిండిపోయి, పట్టుచీరల పెట్టె మాత్రం హాల్లో, బిజినెస్ క్లాసులోనే ఉండిపోయింది.