ఆండాళు మెడలో ముక్కుదొర

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. నవ్వితే మధ్యలో లేచిపోతాను, ముందే అంటున్నాను.

నేను నల్లగొండ చేనేత సంఘంలో గుమాస్తాను. పేరు సిద్దిరాములు. బట్టలో పోగులు లెక్కబెట్టడానికి సంఘం వాళ్లు నాకో భూతద్దం ఇచ్చారు. దాంతో పోగులకంటే పాత వెండి నాణేలనే ఎక్కువ చూశాను. స్పెయిన్ రాజులు సముద్రాల అవతల మెక్సికోలో కొట్టించినవి. మా తాతల నాడు రుమాళ్లు కొన్న ఓడ బేరగాళ్లు అవే ఇచ్చి పోయారట. అంచు మీది గీతలు, టంకసాల అక్షరం, మోగే తీరు చూసి ఏది ఏ రకమో చెప్పేస్తాను. ఇంట్లో మాత్రం కందిపప్పుకూ శనగపప్పుకూ తేడా తెలియనివాడినని పేరు.

నయా పైసలొచ్చి నాలుగేళ్లయిన కాలం. ఒక ఆదివారం మధ్యాహ్నం వీధంతా మగ్గాల చప్పుడు. నా భార్య ఆండాళు చాప మీద కునుకు తీస్తోంది. మెడలోని సవతి బిళ్ల పక్కకు జారింది.

ఆండాళు నాకు రెండో భార్య. మొదటి ఆమె రాజం, పెళ్లైన ఏడాదికే జ్వరంతో పోయింది. అలా పోయిన ఆమె పేర ఒక వెండి బిళ్ల రెండో ఆమె మెడలో వేస్తారు. మా అవ్వ పెట్టె అడుగున పాత బిళ్ల ఏదో దొరికితే, జుట్టు పొడుగ్గా ఉంది కాబట్టి ఆడమనిషేనని అదే వేసింది. ఆండాళు పండక్కి దానికి బొట్టు పెడుతుంది. కొత్త చీర ముందు దానికి చూపించాకే కట్టుకుంటుంది. నా మీద చాడీలన్నీ దానికే చెబుతుంది.

ఊరికే అద్దం పెట్టి చూశాను. పెద్ద ముక్కు, జుట్టుకు రిబ్బను, నెత్తిన ఆకుల దండ. రాజం కాదు, స్పెయిన్ రాజు! అందులోనూ నేను ఏళ్లుగా కలలు కంటున్న రకం.

మగ్గాల చప్పుడు మెల్లగా అలల చప్పుడైపోయింది. మా వీధి మీద తెరచాపలు లేచాయి. కృష్ణ దాటి ఎరుగని నేను ఓడ అంచున నిలబడి వెండి కొండలు చూస్తున్నాను.

"ఏం జూస్తున్నవ్?" ఆండాళు కళ్లు తెరిచింది.

"నిన్నే."

పాపం, సిగ్గుపడింది. నాకూ సిగ్గేసింది, కానీ బుద్ధి రాలేదు.

అడిగితే ఇవ్వదు. నగలు చేసే అవుసలి ఐలేశం దగ్గరికి పోయాను. ఏం అడిగినా రేపంటాడని ఊళ్లో అతన్ని రేపటి ఐలేశం అంటారు.

"ఆడమనిషి మొకంతోని వెండి బిళ్ల గావాలె."

"ఏ ఆడమనిషి?"

"ఎవరైతేంది? మంచి మొకం గావాలె."

ముప్పై రేపులు గడిచాక ఇచ్చాడు. ఆండాళు తలకు పోసుకునేటప్పుడు బిళ్ల తీసి గూట్లో పెడుతుంది. నేను మార్చేశాను. ముక్కుదొరను బొడ్లో దోపుకొని, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకున్నాను.

ఆండాళు బిళ్ల వేసుకొని అద్దంలో చూసుకుంది. ఇల్లు అదిరేలా అరిచింది.

"గీమె సోమమ్మ గాదా!"

సోమమ్మ ఐలేశం భార్య. గడ్డం మీది పులిపిరితో సహా దిగింది. మంచి మొహం అంటే అతనికి తోచింది ఆ ఒక్కటే.

"సోమమ్మను ఎన్నడు జేస్కున్నవయ్యా? ఎన్నడు సచ్చింది?"

"ఆమె సావలేదే!"

"అంటే జేస్కున్నవన్నట్టేనా?"

ఆ కేకలకు సోమమ్మే వచ్చింది. "నన్ను బతికుండంగనే సవతిని జేసి మెడలేస్తవా? నీ నోట్ల మన్నువడ!" వెనకే ఐలేశం పరుగెత్తుకొచ్చాడు: "మంచి మొకం అన్నవ్ గద సిద్దన్నా!" మా సంఘం మీటింగుకు కూడా అంతమంది రారు.

సోమమ్మ బిళ్ల లాక్కుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగనే జేసినవ్," అని మొగుడితో అని, కొంగున కట్టుకొని వెళ్లిపోయింది. జనం కూడా పోయారు. నేనూ ఆండాళూ మిగిలాం.

బొడ్లోంచి అసలుది తీశాను. "గిది రాజం గాదే. ఇస్పెయిన్ రాజు. మొగోడు."

"ఆరేండ్ల సంది మొగోన్ని నా మెడల ఏలాడదీసినవా?"

"అవ్వకు ఎరుకలేక..."

"సరే. గంత దొంగతనం జేసెటందుకు గిండ్ల ఏమున్నది?"

ఎవరూ అడగని ప్రశ్న అది. ఉత్సాహం ఆగలేదు. "పాత రాజు సచ్చిండు. కబురు సముద్రం దాటి టంకసాలకు వచ్చింది గని, కొత్త రాజు బొమ్మ రాలే. అది వచ్చేదాంక కొత్త పేరు కొట్టి, మొకం మాత్రం పాతదే ఉంచిండ్రు. అసొంటివి శాన తక్కువ!"

"పేరొకరిది, మొకమొకరిదా?"

"ఆఁ!"

"బజార్ల నడిసిందా?"

"మస్తు నడిసింది."

"మరి నా మెడల నడిస్తే నీకేం నొప్పి? అక్క పేరు, గీన మొకం."

తర్వాత మెల్లగా అడిగింది: "అక్క మొకం నీకు యాదికున్నదా?"

రాజం పచ్చ చీర గుర్తుంది. నూలు కండెలు చుట్టేటప్పుడు తీసే కూనిరాగం గుర్తుంది. మొహం కోసం ఎంత వెతికినా దొరకలేదు. నాకు ఏడుపొచ్చింది.

"నాకున్నది. దినాం జూస్తున్న," అని ఆండాళు మెడ వంచింది. దారం నేనే ముడి వేశాను.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు, కాళ్లు కడుక్కొని వస్తే, కాసేపు చూడనిస్తుంది. ఓడలు రావడం లేదు. చూడగా చూడగా, రాజం ముక్కు కూడా కొంచెం పెద్దదేనేమో అనిపిస్తోంది.