ఆరున్నర నిమిషాల వైద్యానికి జేజేలు

మానసిక వైద్యుడు రోగికి ఆరున్నర నిమిషాలకు మించి ఒక్క క్షణం కూడా ఇవ్వకూడదని నా నిశ్చితాభిప్రాయం. నిజానికి ఆరు చాలు. ఆ అర నిమిషం తలుపు తీసి మూయడానికి!

నవ్వకండి. ఇవాళే మా అక్క తొలిసారి అలాంటి వైద్యుడి దగ్గరకు వెళ్లొచ్చింది కాబట్టి సాధికారంగానే మాట్లాడుతున్నాను.

మా అక్కది వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం. పదకొండేళ్లుగా చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా స్క్రీన్, స్క్రీన్ మూల ఒక గడియారం. ఫోన్ ఎత్తగానే అది పచ్చగా ఉంటుంది. నాలుగో నిమిషానికి పసుపుపచ్చ, ఆపైన ఎరుపు. మూడు నెలలుగా అక్కకు నిద్ర లేదు, తిండి సయించదు. ఆఫీసు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడుస్తోంది. అందుకని అపాయింట్‌మెంట్ అడిగితే ఐదు వారాల తర్వాతి తేదీ ఇచ్చారు.

ఐదు వారాలా అని ముక్కున వేలేసుకుంటున్నారా? ఆ గడువులో సగం జబ్బులు వాటంతటవే తగ్గుతాయి, మిగతా సగం అలవాటైపోతాయి! డాక్టరు పని తేలిక చేయడం రోగి ధర్మం కాదూ?

వెయిటింగ్ హాల్లో గోడ మీద ‘మనసు విప్పి మాట్లాడండి’ అని పెద్ద పోస్టరు ఉందట. దాని కిందే ‘దయచేసి నిశ్శబ్దం పాటించండి’ అని ఇంకొకటి. దేన్ని పాటించాలో తేలక అక్క గంటన్నర సేపు తన బాధ మరిచిపోయిందట. వైద్యం అక్కడే మొదలైందన్నమాట!

లోపల డాక్టరు గారు కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నారు. అక్కకు ఆద్యంతం కనిపించింది ఆయన కుడి చెవి ఒక్కటే. వైద్యుడు రోగికి చెవి ఒగ్గాలంటారు కదా, ఒగ్గాడు! ముఖం కూడా కావాలనడం అత్యాశ. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, ఎన్నాళ్ల నుంచి అని అడుగుతూ టైపు చేసుకున్నారు. అక్క తన బాధ రాసి తీసుకెళ్లిన కాగితం ఇస్తే అర నిమిషంలో చదివేసి, చాలా క్లుప్తంగా రాశారే అని మెచ్చుకున్నారట. ఆ మాట విని నేను కాస్త ఉబ్బిపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను.

సరిగ్గా నాలుగో నిమిషంలో ఆయన, “మీ ఇబ్బంది నాకు అర్థమైంది” అన్నారు.

అక్క ఉలిక్కిపడింది. అది తన డైలాగు! గడియారం పసుపుపచ్చకు తిరగగానే అనాలని కంపెనీ వాళ్లు రాసిచ్చిన మాట. పదకొండేళ్లుగా రోజుకు అరవై సార్లు అంటున్న మాట. ఇంత పెద్ద చదువు చదివినాయన కూడా తన దారిలోకే వచ్చాడని కాస్త గర్వం కూడా కలిగిందట.

“ఇంకేమైనా చెప్పాలా?” అన్నారు డాక్టరు గారు తర్వాత.

ఆ మాటకు అర్థం ఇక ఫోన్ పెట్టేయమని. అది అక్కకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ అలవాటు ఊరుకోదు కదా, మర్యాదస్తురాలైన కస్టమరులా, “ఏం లేదండీ, థాంక్యూ” అని లేచింది. రెండు రకాల మాత్రలు, నెల తర్వాత మళ్లీ రమ్మని ఒక చీటీ. మొత్తం ఆరున్నర నిమిషాలు. పని ఇంత శుభ్రంగా ముగించే వైద్యులు ఎందరున్నారు చెప్పండి?

ఇవన్నీ అక్క బస్టాపు నుంచి ఫోన్ చేసి చెప్పింది. పత్రికలో నా ఈ వారం కాలమ్ దేని మీద రాయాలా అని నేను బుర్ర గోక్కుంటున్న సమయమది. చెవినీ పోస్టర్లనూ గబగబా రాసుకుని, “ఇంకేమైనా ఉందా అక్కా?” అన్నాను.

“ఏం లేదురా” అంది. సరే అని పెట్టేసి ఇది రాయడానికి కూర్చున్నాను.

ఇంతవరకు రాశాక, తెల్లకాగితం కోసం టేబుల్ మీద వెతికితే అక్క రాసిన నాలుగు పేజీలు దొరికాయి. డాక్టరు దగ్గరకు వెళ్లే ముందురోజు తెచ్చి, “నువ్వు రాసేవాడివి కదా, డాక్టరు గారు విసుక్కోకుండా కాస్త కుదించిపెట్టు” అని ఇచ్చింది. ఒక్క పేజీకి కుదించాను. కుదించడంలో నన్ను మించినవాడు లేడని నాకు పేరు. మూడో పేజీలో ఒక పేరా నిండా ఎర్రగీతలు కొట్టి, పక్కన ‘విషయంతో సంబంధం లేదు’ అని రాశాను. అక్క అది చూసి, అంతేనంటావా అని అడిగింది. అంతే అన్నాను.

ఆ గీతల కింద ఉన్నది ఇది:

‘రోజూ పదకొండింటికి ఒక పెద్దాయన ఫోన్ చేసేవాడు. మెషీన్ చప్పుడు చేస్తోందమ్మా, విను అని ఫోన్ దాని దగ్గర పెట్టేవాడు. మెకానిక్ రెండుసార్లు వెళ్లినా ఏ చప్పుడూ లేదు. నేను మాత్రం వినిపిస్తోందండీ అనేదాన్ని. ఏ బటన్ దేనికో తన భార్యకే తెలిసేదని చెప్పేవాడు. మా సూపర్‌వైజర్ నా ఎర్ర అంకెలు చూపించి మందలించిన మర్నాడు, నాలుగో నిమిషంలో ఇంకేమైనా సహాయం కావాలా అన్నాను. ఏం లేదమ్మా అని పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. మా లైను నుంచి బయటికి ఫోన్లు వెళ్లవు. ఆయన ఉన్నాడో లేదో డాక్టరు గారూ, నాకు తెలియడం లేదు.’

డాక్టరు గారిని ఏమనను? ఆయన ఆరున్నర నిమిషాలైనా ఇచ్చాడు. నేను ఈ పేరాకి ఇచ్చింది పది సెకన్లు.

కాగితాలు పట్టుకుని అక్క ఇంటికి బయల్దేరుతున్నాను. ఎడిటర్ గారికి ఒక మనవి. నిడివి ఎక్కువైతే చెవీ, పోస్టర్లూ, నా జేజేలూ ఏవి కావాలంటే అవి కొట్టేయండి. పెద్దాయన పేరా మాత్రం ముట్టుకోకండి.