టికెట్టు గుండెలో టికెట్టు లేని ప్రయాణికులు

ఆ ఆదివారం కండక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కుక్కను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి దగ్గుకు మందు ఇప్పించడం, ఎండ ముదరకముందే తిరిగొచ్చి తలారా స్నానం చెయ్యడం, ఆపైన పొద్దుగూకే దాకా పడుకోవడం. కదలని మంచం మీద పడుకోవడమంటే ఆయనకు మహా ఇష్టం. మిగతా వారమంతా ఆయన కాళ్ల కింద నేల కదులుతూనే ఉంటుంది.

కుక్క పేరు టికెట్టు. ఒక వానరోజు బస్సులో ఆఖరి సీటు కింద ముడుచుకుని దొరికింది. "టికెట్టేదిరా?" అని కండక్టరు అడిగితే చెయ్యి నాకింది. ఆ పేరే ఉండిపోయింది. పిల్లి పేరు పాసు. దాన్నెవరూ తేలేదు. తనే వచ్చింది, ఎక్కడికైనా పోతుంది, ఎవరికీ ఏమీ చూపించదు.

కండక్టరు నోట్లో ఎప్పుడూ ఒకటే మాట. కంచం ముందు నుంచి లేస్తే "రైట్". ఫోను పెట్టేస్తే "రైట్". భార్య ఏ పని చెప్పినా "రైట్". ఆ మాట చెవిన పడితే టికెట్టుకు పూనకం వచ్చేది. వీధి గుమ్మం దాకా ఒక పరుగు, మళ్లీ వెనక్కి ఒక పరుగు, నడుమ రెండు గంతులు. లోకంలో బళ్లన్నీ తన కోసమే బయల్దేరుతున్నాయని దాని నమ్మకం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. ముంజేతుల నిండా పిల్లులు గీసిన గీతలు. టికెట్టు ఛాతీకి గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. ఇంజనులో తేడా వస్తే డ్రైవరు కూడా అలాగే, కళ్లు ఒక పక్కకు పెట్టి వింటాడు. ఆమె ముందరి కాలి నుంచి కొంచెం రక్తం తీసి, గాజు పలక మీద చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. తర్వాత పక్కకు జరిగింది.

"మీరూ చూడండి."

కండక్టరు కన్ను ఆనించాడు. ముందు తన కనురెప్పల వెంట్రుకలే తాటాకుల్లా కనిపించాయి. తర్వాత తేటపడింది. కళ్లంలో పరిచిన గింజల్లా గుండ్రటి కణాలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. వాటి నడుమ ఏదో కొరడాలా కొట్టుకుంటోంది. సన్నని ప్రాణి. కిక్కిరిసిన బస్సులో దిగాల్సినవాడు మోచేతులతో తోసుకొచ్చినట్టు, గింజల్ని అటూ ఇటూ నెట్టుకుంటూ పోతోంది. దాని వెనక ఇంకొకటి. ఆ మూల ఇంకో రెండు.

"ఏంటమ్మా ఇవి?" ఆయన గొంతు తగ్గిపోయింది.

"పురుగు పిల్లలు. తల్లులు గుండె దగ్గరున్నాయి. గుండెలోంచి ఊపిరితిత్తులకి పోయే నాళాల్లో. జానెడు పైనే ఉంటాయి, దారం పోగుల్లా."

"ఎక్కడ ఎక్కాయి?"

"దోమ ఎక్కించింది."

"ఈ పిల్లలు ఇక్కడే పెద్దవైపోతాయా?"

"అవ్వవు. ఇంకో దోమ వచ్చి రక్తంతోపాటు పీల్చుకుపోవాలి. దాని కడుపులో కొన్నాళ్లు ఎదగాలి. అది ఇంకో కుక్కనో పిల్లినో కుట్టినప్పుడు దిగాలి. అక్కణ్ణించి నెలల తరబడి ఒళ్లంతా తిరిగి గుండెకి చేరాలి. దోమ ఎక్కకపోతే పిల్ల ఎప్పటికీ పిల్లే."

"అంటే, బస్సు మారాల్సిందే."

"మారాల్సిందే."

కండక్టరు మళ్లీ కన్ను పెట్టాడు. ఇంత సర్వీసులో ఇలాంటి రూటు ఆయన చూడలేదు. ఊదితే పోయే దోమ. దాని పొట్ట ఆవగింజలో పావు వంతు లేదు. అందులో ఒక బస్టాండు. బోర్డు లేదు, దారి చెప్పేవాడు లేడు, ఆ పురుగులకు కళ్లు కూడా లేవు. అయినా ఎక్కాల్సిన చోట ఎక్కి, దిగాల్సిన చోట దిగి, చీకట్లో గుండెను వెతుక్కుంటూ పోతున్నాయి. కోపం రావాల్సిన చోట ఆయనకు చేతులు జోడించబుద్ధి వేసింది. ఆ తర్వాతే కోపం వచ్చింది.

"చచ్చిపోతుందా అమ్మా?"

"ఇంకా ముదరలేదు. బతికించుకోవచ్చు. ముందు మాత్రలు, ఆపైన నడుములో సూదులు. అసలు భయం సూది తర్వాతే. చచ్చిన పురుగులు ముక్కలై ఊపిరితిత్తుల్లో అడ్డంపడతాయి. అవి మెల్లగా కరగాలి. ఈలోపు కుక్క పరిగెత్తినా, ఎగిరినా, గుండె గబగబా కొట్టుకున్నా ప్రాణానికే ముప్పు. పొట్టి గొలుసుతో కట్టెయ్యాలి. గంతులు వెయ్యనివ్వద్దు. ఇంట్లో పిల్లి కూడా ఉందన్నారుగా? దానికి వస్తే ఒకటో రెండో పురుగులు వస్తాయి, పట్టుకోవడమే కష్టం. ఈ సూది పిల్లికి పనికిరాదు. రాకుండా నెలనెలా మెడ మీద చుక్కలమందు వెయ్యాలి. అర్థమైందా?"

"రైట్ అమ్మా," అన్నాడు కండక్టరు.

టికెట్టు బల్ల మీంచి గాల్లోకి లేచింది. డాక్టరమ్మ ఒక చేత్తో కుక్కను, రెండో చేత్తో సూక్ష్మదర్శినిని పట్టుకుని ఆయన వంక చూసింది. "ముందు ఆ మాట మానండి," అంది.

ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. "రైట్" అనకూడదు. విజిలు డిపోలోనే వదిలెయ్యాలి. ఖాకీ బట్టలు కంటపడకూడదు. వీధి గేటు కిర్రుమంటుంది కాబట్టి కండక్టరు డ్యూటీకి మామూలు బట్టల్లో, పెరటి గోడ దూకి పోయేవాడు. సాయంత్రం అదే గోడ దూకి, చెప్పులు చంకలో పెట్టుకుని, మునివేళ్ల మీద వచ్చేవాడు.

"ఏమే, మీ ఆయన మనింటికే దొంగలా వస్తున్నాడేంటి?" అని అత్తగారు కూతుర్ని నిలదీసింది.

"ష్! మెల్లగా అమ్మా. టికెట్టు వింటుంది."

"వింటే విననీ. నేనేమైనా దాన్ని తిట్టానా?"

సూదిమందు మొదలైంది. డాక్టరమ్మ మళ్లీ గొట్టం పెట్టి విని నొసలు ముడిచింది. "గుండె ఇంకా వేగంగానే ఉంది. ఇంట్లో ఏమైనా గొడవగా ఉంటోందా?"

కండక్టరుకు మనసు చివుక్కుమంది. "ఈగ వాలిన చప్పుడు కూడా లేదమ్మా," అన్నాడు. అని ఊరుకోలేదు. ఆ రోజే గోడ గడియారంలో బ్యాటరీ పీకేశాడు. తలుపు గడియకు గుడ్డ చుట్టాడు. కుక్కరు విజిలు తన విజిలులా ఉందని కుక్కరు అటకెక్కించాడు. అత్తగారి గాజులకు దూది చుట్టించాడు. తుమ్ము వస్తే వీధి చివరికి పోయి తుమ్మాలన్నాడు.

"ఈ ఇంట్లో ఆ కుక్కకున్న గుండె నాకూ ఉంది. ఎవరైనా గొట్టం పెట్టి చూశారా?" అని ఆమె అడగాల్సినంత గట్టిగా అడిగింది. కూతురు వేలు పెదవుల మీద పెట్టుకుంది.

భార్యాభర్తలు చేతి సైగలతో మాట్లాడుకోసాగారు. ఉప్పు కావాలంటే ఒక సైగ, చాలంటే ఒక సైగ. పాసు మాత్రం ఏ చట్టానికీ లొంగక, అటక మీంచి గిన్నెలు తోస్తూ తన రూటులో తాను తిరిగింది. టికెట్టు పొట్టి గొలుసుతో మంచం కాలికి కట్టేసి ఉండేది. ముందు కాళ్ల మీద గడ్డం ఆనించి పడుకునేదే కానీ కళ్లు మూసేది కాదు. చెవులు రెండూ నిక్కబొడుచుకుని, గోడ దూకే యజమాని మునివేళ్లనూ, గాలిలో ఆడే చేతులనూ చూస్తూ ఉండేది. దాని కనుబొమల మీది వెంట్రుకలు ఒకసారి ఇటు, ఒకసారి అటు కదిలేవి. నిద్రలేని కళ్లు ఎర్రబడ్డాయి. అదంతా జబ్బే అనుకున్నారు.

అలవాటు ఇంట్లో ఆగలేదు, బస్సెక్కింది. కండక్టరు "రై..." అని సగంలో మింగేసేవాడు. బస్సు కదిలేది కాదు. వెనక బళ్ల హారన్లు మోగేవి. చివరికి ప్రయాణికులే "రైట్, రైట్" అని అరిచి పుణ్యం కట్టుకునేవారు. అదిమిపట్టిన గొంతులోంచి దగ్గు తన్నుకొచ్చేది. డ్రైవరు అద్దంలోంచి చూసి చూసి, బావా అని పిలిచి పక్కన కూర్చుని కడుపు నిండా తిని కబుర్లాడిన రోజులు గుర్తుచేసుకుని బెంగపడ్డాడు. ఏమైందని అడిగితే కండక్టరు అలవాటు ప్రకారం చేతులు తిప్పాడు. డ్రైవరుకు భయం వేసి, కండక్టరు ఇంటికి ఫోను చేశాడు. ఆయన భార్య ఎత్తింది.

"చెల్లెమ్మా, ఒంట్లో ఎలా ఉంది? ఒకటే దగ్గు, ముందటి హుషారే లేదు."

ఇంట్లో దగ్గేది టికెట్టు ఒక్కటే కాబట్టి, చెల్లెమ్మ దాని గురించే అడుగుతున్నాడనుకుంది. ఫోను నోటికి ఆనించి గుసగుసగా చెప్పింది. "ఏం చెప్పను అన్నయ్యా, గుండెలో పురుగులట."

"పురుగులా!"

"జానెడేసి ఉన్నాయట. నడుములో సూదులు పొడుస్తున్నారు. గట్టిగా మాట్లాడితేనే ప్రమాదమన్నారు."

"అయ్యయ్యో. మరి ఇంట్లో ఎలా చూసుకుంటున్నారమ్మా?"

"గొలుసు వేసి మంచానికి కట్టేశాం."

"గొలుసా?" అన్నాడు డ్రైవరు.

"పొట్టి గొలుసే. పొడుగ్గా వదిలితే గంతులేస్తుందని భయం. డ్యూటీ టైముకి కాసేపు విప్పుతాం."

'గంతులేస్తుందని' అన్నది గుసగుసలో కలిసిపోయింది. 'డ్యూటీ టైముకి విప్పుతాం' అన్నది మాత్రం డ్రైవరు గుండెలో దిగబడింది. కుక్కను బయటికి తిప్పడానికి ఆ ఇంట్లో డ్యూటీ అని పేరు. ఆ సంగతి అతనికేం తెలుసు?

"అన్నం సయిస్తోందా?"

"గిన్నెలో పెట్టి ముందుకు తోస్తున్నాం అన్నయ్యా. మూతి నేనే తుడుస్తున్నాను."

డ్రైవరు ఫోను పెట్టేసి, డిపో మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రానికల్లా డిపో అంతా పాకింది. మెకానిక్కుల దాకా పోయేసరికి పురుగులు మూరెడయ్యాయి, గొలుసు రెండు చేతులకూ రెండయింది. మేనేజరు కూడా కదిలిపోయి, వచ్చే ఆదివారం అందరూ కలిసి వెళ్లి ధైర్యం చెప్పిరావాలని తీర్మానించాడు. వెళ్లడానికి వాళ్ల దగ్గర ఏముంటుంది? బస్సు ఉంటుంది.

ఆ ఆదివారానికి ముందురోజే టికెట్టుకు ఆఖరి సూది పడింది. ఇప్పుడే గట్టి గండం అంది డాక్టరమ్మ. దారి కుదుపులు కూడా వద్దని ఆదివారం తనే ఇంటికి వచ్చింది. నేల మీద కూర్చుని ఛాతీకి గొట్టం ఆనించింది. కండక్టరు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇంట్లో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఈ వేగం మంచిది కాదు," అంది ఆమె మెల్లగా.

సరిగ్గా అప్పుడు వీధిలో గాలిబ్రేకులు బుస్సుమన్నాయి.

కిటికీ నిండా బస్సు నిలబడింది. వెనక వచ్చే బళ్లను ఆపుతూ ఎవరో విజిలు ఊదారు. "రానీ, రానీ, హోల్డాన్!" అని ఇంకెవరో అరిచారు. వీధి గేటు కిర్రుమంది. ఖాకీ బట్టలు, ఇంకా ఖాకీ బట్టలు, అరుగంతా ఖాకీ బట్టలు. బస్సును ముందుకు జరపమని నలుగురైదుగురు ఒకేసారి "రైట్! రైట్!" అన్నారు. అత్తగారు అన్నాళ్లు ఆపుకున్న తుమ్ము తుమ్మేసింది. గాజుల మీంచి దూది ఎగిరిపోయింది. ఆ కంగారుకు పాసు అటక మీంచి దూకింది. దాని వెనకే కుక్కరు కూడా దిగింది.

కండక్టరు కుక్క మీద వాలిపోయి దాని చెవులు రెండూ అరచేతులతో మూశాడు. "అయిపోయింది," అన్నాడు. "నా తల్లీ, అయిపోయింది."

డాక్టరమ్మ చెయ్యెత్తింది. ఆమె కళ్లు ఒక పక్కకు తిరిగి ఉన్నాయి.

"తగ్గుతోంది," అంది.

"ఏంటమ్మా?"

"వేగం తగ్గుతోంది. చూడండి దాన్ని."

కండక్టరు దాని చెవుల మీంచి చేతులు తీశాడు. టికెట్టు గుమ్మం వైపే చూస్తోంది. ఖాకీని చూసింది. విజిలు విన్నది. గేటు కిర్రుమనడం విన్నది. తోక నేల మీద రెండుసార్లు తట్టింది. నిక్కబొడిచిన చెవులు ఒకటి తర్వాత ఒకటి వాలాయి. లోపల్నించి ఎక్కడిదో ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, యజమాని మోకాలి మీద గడ్డం పెట్టి, కళ్లు మూసింది.

"కండక్టరుగారూ, ఇన్నాళ్లూ ఇంట్లో ఏం చేశారు?"

ఆయన గడియారం గురించి, గోడ గురించి, సైగల గురించి చెప్పాడు. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "నేను కుక్కని కట్టెయ్యమన్నాను కానీ ఇంటిని కాదు! గుమ్మంలోంచి రావాల్సిన మనిషి గోడ దూకి, చెప్పులు చంకలో పెట్టుకుని, మాట్లాడకుండా చేతులు తిప్పుతుంటే ఏ కుక్కకి నిద్ర పడుతుంది? మీకు ఏమైపోయిందోనని రాత్రింబవళ్లు కాపలా కాసింది."

ఆమె గొట్టం తీసి ఆయన చెవులకు పెట్టింది. కండక్టరు విన్నాడు. ముందు సముద్రం లాంటి హోరు. తర్వాత చీకట్లోంచి, మెల్లగా, తొందర లేకుండా రెండు దెబ్బలు. మళ్లీ రెండు. ఆయన నోరు తెరుచుకుంది. ముక్కలైపోతున్న పురుగుల్ని మోసుకుంటూ, తన మీద బెంగను కూడా మోసుకుంటూ, పిడికెడు గుండె అన్నాళ్లూ ఆగకుండా అదే మాట అంటోంది. రైట్, రైట్. రైట్, రైట్. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారాయి.

డ్రైవరు పళ్లబుట్టతో గుమ్మంలోకి వచ్చేసరికి కనిపించింది అదే. బావ నేల మీద, చెవుల్లో గొట్టం, పక్కనే డాక్టరు, కళ్లలో నీళ్లు. బుట్ట చేతిలోంచి జారింది.

"బావా!" అని ఘొల్లుమన్నాడు. "చెల్లెమ్మా, గొలుసెవరు విప్పారు?"

చెల్లెమ్మ తెల్లబోయి, మంచం కాలి దగ్గర నిద్రపోతున్న టికెట్టును చూపించింది. గొలుసు దాని మెడకే ఉంది. డ్రైవరు కుక్కను చూశాడు, గిన్నెను చూశాడు, దాని మూతి చూశాడు. వెనక మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"వచ్చారు కాబట్టి పళ్లు తినే పోండి," అంది అత్తగారు. మనసారా, గట్టిగా.

టికెట్టు గొలుసు మీదే ఉండి, వీధి చప్పుళ్లు వింటూ నిద్రపోతూ, కొన్ని నెలలకు లేచి తిరిగింది. ఆఖరిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ గాజు పలక పెట్టి, చూసి, పక్కకు జరిగింది. కండక్టరు కన్ను ఆనించాడు. గుండ్రటి గింజలన్నీ తీరుగా పరుచుకుని ఉన్నాయి. ఈ మూల నుంచి ఆ మూలకు వెతికాడు. తోసుకొచ్చేవాడు ఒక్కడూ లేడు.

ఖాళీ బండిని చూసి సంబరపడ్డ కండక్టరు ఆ డిపో చరిత్రలో ఆయనొక్కడే.