ప్రభుత్వ గంజాయి కొట్టు బోణీ

“ఇకమీదట ఈ కొండల్లో గంజాయి పేరు చెప్పి ఏ పౌరుడూ పరుగెత్తనక్కర్లేదు. ప్రభుత్వమే మీ గుమ్మంలోకి నడిచి వస్తోంది!” అని ఔషధ మొక్కల శాఖ మంత్రిగారు రాజధాని రబాత్‌లో ప్రకటించారు. ఆ చారిత్రక ప్రకటన రేడియోలో వస్తున్నప్పుడు నేను టీ గ్లాసుల్లో పుదీనా కూరుతున్నాను. అంత గొప్ప మాట విని కూడా ఒక్క ఆకు కింద పడనివ్వలేదు. ప్రకటనలు విని విని నా చేతులు రాటుదేలిపోయాయి.

ప్రభుత్వం నడిచి రాలేదు, లారీలో వచ్చింది. మా బాబ్ తీజ్రాన్ సంత వీధిలో, నా టీకొట్టుకి సరిగ్గా ఎదురుగా, ఇదివరకు గాడిదల్ని కట్టేసే కొట్టం ఉండేది. దాన్ని పడగొట్టి గాజు తలుపుల దుకాణం లేపారు. లోపల ఏసీ, తెల్లటి అరలు, అరల్లో నూనె సీసాలు, సబ్బులు, మోకాళ్ళ నొప్పుల పూతమందు. అన్నీ గంజాయితో చేసినవే. మేం కిఫ్ అంటాం. బయట ఇంత పెద్ద బోర్డు: ‘మొదటిసారి వస్తున్నారా? సిగ్గుపడకండి. మేం మీ చేయి పట్టుకుని నడిపిస్తాం.’

మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ కిఫ్ కట్టల మధ్య ఉయ్యాల ఊగినవాడే. తాతలు పండించారు, తండ్రులు పండించారు, అందరూ కలిసి పోలీసుల్ని చూసి పరుగెత్తారు. అలాంటి ఊరికి కిఫ్ అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పడానికి రాజధాని నుంచి మనిషిని పంపిన ప్రభుత్వం ఓపికకి నేను మనసులోనే నమస్కరించాను.

ప్రారంభోత్సవం గురువారం, సంత రోజున. ముందు రోజు పాలకపక్షం స్థానిక నాయకుడు సీ ఫద్దూల్ (మా వైపు సీ అంటే గారు అన్నట్టు) నా కొట్టుకి వచ్చి, టీలో అయిదు చక్కెర గడ్డలు వేయించుకున్నాడు.

“ముహంద్, రేపు బోణీకి ఒక మనిషి కావాలోయ్. మంత్రిగారి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. పేదవాడై ఉండాలి, ముసలివాడై ఉండాలి, ఫొటోలో నవ్వాలి. కిఫ్ జన్మలో ముట్టుకుని ఉండకూడదు.”

“మొదటి మూడింటికీ ఊరంతా ఉంది. నాలుగోదానికి మాత్రం సముద్రం దాటి స్పెయిన్ వెళ్ళి వెతకాలి సీ ఫద్దూల్.”

“నువ్వు ముట్టుకోలేదూ?”

“మీరు ముట్టుకోలేదూ?”

“నేను పార్టీ మనిషిని. నన్ను లెక్కలోకి తీసుకోకు.”

గుడ్ల బుట్ట దించుకుని పక్కనే కూర్చున్న తమీమూంత్ పిన్ని ఇదంతా వింది. పిన్నికి సిగ్గూ భయం రెండూ లేవు. ఉన్నదల్లా ఒక మొగుడు. ఆయన అల్లాల్ బాబాయ్. బాబాయ్‌కి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి లోకం మజ్జిగ నీళ్ళయిపోయింది. ఆపరేషన్‌కి తెత్వాన్ ఆసుపత్రికి తీసుకెళ్తే గుర్తింపు కార్డు అడిగారు. బాబాయ్‌కి కార్డు లేదు. కార్డు కావాలంటే పోలీసు స్టేషన్‌కి వెళ్ళాలి. పోలీసు స్టేషన్‌లో బాబాయ్ పేరు మీద కిఫ్ పండించాడని ఎప్పటిదో కేసు ఉంది. కాబట్టి బాబాయ్ స్టేషన్‌కి వెళ్ళడు, కార్డు రాదు, కళ్ళు రావు. మా కొండల్లో సగం మంది మగాళ్ళ కథ ఇదే.

“ఏం ఫద్దూల్, ఆ మంత్రిని అడిగితే కార్డు ఇప్పిస్తాడా?” అంది పిన్ని.

“కార్డేంటి పిన్నీ, చందమామనైనా ఇప్పిస్తారు. ముందు మీ ఆయన్ని బోణీ చెయ్యమను.”

“పోలీసులు ఉంటారు కదరా?”

“ఉంటారు. కాపలాకి.”

“ఎవరికి కాపలా?”

సీ ఫద్దూల్ టీ గటగటా తాగేసి, చాలా పనులున్నాయని లేచిపోయాడు. పిన్ని ఇంటికెళ్ళి బాబాయ్‌కి విషయం చెప్పింది. “కళ్ళు లేకపోయినా బతకొచ్చు, కాళ్ళు పోలీసులకి చిక్కితే బతకలేం” అని బాబాయ్ తేల్చేశాడట.

గురువారం పొద్దున మంత్రిగారు వచ్చేసరికి మా సంత వీధిలో పార్టీ జెండాలున్నాయి, బ్యాండు మేళం ఉంది, ఎర్ర తివాచీ ఉంది. జనం మాత్రం లేరు. కొట్టు గుమ్మంలో పేరూ కార్డూ అడుగుతారన్న కబురు అప్పటికే కొండలన్నీ చుట్టి వచ్చింది. ఇదివరకు పేర్లు అడిగి వెళ్ళినవాళ్ళు ప్రతిసారీ తెల్లారగానే జీపుల్లో తిరిగొచ్చారు. మా వాళ్ళు చదువుకోలేదు గానీ, గుర్తుపెట్టుకుంటారు. కూరగాయలమ్మేవాళ్ళు కూడా బుట్టలు వదిలేసి మాయమయ్యారు.

మంత్రిగారు ఖాళీ వీధిని చూసి, “ఎంత క్రమశిక్షణ గల ప్రజలు!” అన్నారు. తర్వాత పళ్ళ బిగువున, “ఎక్కడ చచ్చారు?” అని సీ ఫద్దూల్‌ని అడిగారు.

వెంటనే ప్రజాస్వామ్యబద్ధమైన చర్య తీసుకున్నారు. సార్జంటు బూజెమాగారి నాయకత్వంలో రెండు పోలీసు జీపులు జనాన్ని తీసుకురావడానికి పల్లె మీదికి వెళ్ళాయి. జీపులు మలుపు తిరగగానే, ఎప్పటిలాగే, పై గట్టు మీంచి ఎవరో ఈల వేశారు. ఈల వినపడితే మా వాళ్ళు ఎందుకని అడగరు. చేతిలో రొట్టె ఉంటే రొట్టెతో, సబ్బు నురగ ఉంటే నురగతో, ఆడామగా కొండెక్కేశారు.

సార్జంటుగారు మైకు పట్టుకున్నారు. ఆ గొంతు కింద నా కొట్టు దాకా వినపడింది.

“పారిపోకండి! మిమ్మల్ని పట్టుకోవడానికి రాలేదు! కిఫ్ కొనిపించడానికి వచ్చాం!”

గట్టు మీంచి జవాబొచ్చింది. “కిఫ్ అంటే ఏంటి సారూ? మేం ఎప్పుడూ వినలేదే!”

“అమ్మేది ప్రభుత్వమేనయ్యా!”

“అయితే అసలు వద్దు సారూ!”

అందరూ పైకి పరుగెత్తారు. అల్లాల్ బాబాయ్ కూడా పరుగెత్తాడు. అయితే కళ్ళు కనపడవు కాబట్టి కిందికి పరుగెత్తాడు. సూటిగా వచ్చి, తలుపు తీసి ఉన్న జీపులోకి ఎక్కి, “పద, పద, పోలీసులొస్తున్నారు, బండి తియ్యి!” అని సార్జంటుగారినే తొందరపెట్టాడు. మా ప్రాంతంలో ప్రభుత్వాన్ని అంత స్వచ్ఛందంగా ఆశ్రయించిన పౌరుణ్ణి నేను ఇంకొకర్ని చూడలేదు.

జీపు దిగాక సార్జంటుగారు బాబాయ్ మోచేయి పట్టుకుని ఎర్ర తివాచీ మీద నడిపించారు. వాళ్ళిద్దరికీ ముఖపరిచయం లేకపోలేదు. ప్రతి సంతకీ నా కొట్లో పక్కపక్క బల్లల మీదే టీ తాగుతారు. కానీ కార్డు లేని బాబాయ్ సార్జంటుగారి కంప్యూటర్‌లో లేడు. కంప్యూటర్‌లో లేని మనిషిని చట్టప్రకారం పట్టుకోవడం కుదరదు, చక్కెర డబ్బా అందించమని అడగొచ్చు. అలా ఇన్నాళ్ళూ మర్యాదగా నడిచిపోయింది.

తమీమూంత్ పిన్ని కొండ మీంచి రొప్పుకుంటూ దిగొచ్చి నా కొట్టు ముందు నిలబడింది. గుండె మీద చెయ్యేసుకుని, “యా అల్లా, యా అల్లా” అంటోంది తప్ప ఇంకో మాట లేదు.

గాజు తలుపు దగ్గర కొత్త యూనిఫాం వేసుకున్న గుమస్తా బాబాయ్‌ని ఆపాడు.

“పద్దెనిమిదేళ్ళు నిండాయా?”

“మా మనవడికి నిండాయి బాబూ.”

“కార్డు చూపించండి. కార్డు లేకపోతే లోపలికి రానివ్వం.”

బ్యాండు ఆగిపోయింది. మంత్రిగారి చేతిలో కత్తెర రిబ్బన్ దగ్గరే ఆగిపోయింది. అప్పుడు మంత్రిగారు చేసిన పనిని నేను ఎన్నటికీ మరిచిపోను. కెమెరాల వైపు తిరిగి గొంతు పూడుకుపోయేలా మాట్లాడారు.

“ఈ పెద్దాయనకి, ఈ దేశపు బిడ్డకి, కార్డు లేదా? సిగ్గుచేటు! తాతా, కార్డు కావాలా నీకు?”

బాబాయ్ ఆ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. “కావాలి సారూ. కళ్ళ ఆపరేషన్‌కి. మా ఆవిడ మొహం చూసి చాలా కాలమైంది.”

“విన్నారా! ఇప్పుడే, ఇక్కడే ఇవ్వండి!”

ఇన్నేళ్ళూ ఏ కొండా ఎక్కలేకపోయిన కార్డుల వ్యాను గంటలోపు మా వీధిలో ప్రత్యక్షమైంది. బాబాయ్‌ని ఫొటో తీశారు, వేళ్ళన్నీ అద్దం మీద నొక్కించారు. ఇంకా వెచ్చగా ఉన్న కార్డు చేతిలో పెట్టారు. బాబాయ్ దాన్ని ముక్కుకి ఆనించుకుని చూశాడు, కనపడక ముద్దు పెట్టుకున్నాడు. ముసలి మొహం మీద బొటబొటా కన్నీళ్ళు. వీధికి ఇవతల పిన్ని నేల మీద కూలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. నిజం చెప్పొద్దూ, ఇన్నాళ్ళూ ప్రభుత్వాన్ని వెటకారం చేసినందుకు బాధపడ్డాను.

రిబ్బన్ తెగింది. లోపల తెల్లకోటు వేసుకున్న సలహాదారు, రాజధాని అమ్మాయి గీతా, నవ్వుతూ ఎదురొచ్చింది.

“స్వాగతం తాతగారూ! మొదటిసారి కదా, కంగారు ఉంటుంది. ముందు మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతాను. ఈ మొక్కతో మీకు ఇంతకుముందు పరిచయం ఉందా?”

బాబాయ్ మోచేయి ఇంకా సార్జంటుగారి చేతిలోనే ఉంది.

“లేదు తల్లీ. మా ఇంటావంటా లేదు.”

“ఎప్పుడైనా చూశారా?” అంటూ ఆకు బొమ్మ చూపించింది.

“కొత్తిమీరా అమ్మా?”

మంత్రిగారు చప్పట్లు కొట్టారు. “చూశారా, ఎంత అమాయకులో! ఇందుకే అవగాహన కేంద్రాలు కావాలనేది!” విలేఖరులు అవగాహన అన్న మాట రాసుకున్నారు.

“దీంట్లో మత్తు ఉండదు తాతగారూ” అంది గీతా. “మొదట కొంచెమే వాడండి. తొందరపడకండి. మనసు తేలిగ్గా పెట్టుకోండి.”

“మత్తు తీసేసి గౌరవం కలిపాం” అన్నారు మంత్రిగారు.

బాబాయ్ పూతమందు డబ్బా పట్టుకుని, “ఇది కళ్ళకి పనికొస్తుందా?” అనడిగాడు.

“లేదండీ, చర్మానికి మాత్రమే.”

“అయితే ఇవ్వు తల్లీ. చర్మం ఇంకా మిగిలుంది.”

ఆ డబ్బాలో ఉన్నది బాబాయ్ గట్టు మీద కాసిన పంటే. కార్డు లేనివాడికి సాగు లైసెన్సు ఇవ్వరు కాబట్టి అల్లుడి పేరు మీద సహకార సంఘానికి వేశాడు. ఆ సంగతి నాకు తెలుసు, సీ ఫద్దూల్‌కి తెలుసు, సార్జంటుగారికీ తెలుసు. శుభమా అని బోణీ జరుగుతుంటే అడ్డుపుల్ల వేయడం ఎందుకని అందరం ఊరుకున్నాం. మంత్రిగారు బాబాయ్ భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగారు, బ్యాండు మోగింది. గుమస్తా కార్డుని యంత్రంలో పెట్టి, బేరం నమోదు చేసి, జాగ్రత్తగా తిరిగిచ్చాడు.

మంత్రిగారి కార్లన్నీ దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగాయి. వీధి ఖాళీ అయింది. అల్లాల్ బాబాయ్, సార్జంటు బూజెమాగారు ఇద్దరే తివాచీ మీద మిగిలారు.

“ఇక చెయ్యి వదలండి సారూ. జాగ్రత్తగానే వెళ్తాను. మా ఆవిడ అక్కడే ఉంది” అన్నాడు బాబాయ్.

సార్జంటుగారు టోపీ తీసి చెమట తుడుచుకున్నారు.

“ఇప్పుడు వదల్లేను బాబాయ్. కార్డు నంబరు పడగానే స్టేషన్‌లో కంప్యూటర్ కూసింది. నీ పాత కేసు.”

“ఇంతసేపూ నా పక్కనే ఉన్నారు కదా సారూ. నేను మీకు తెలుసు కదా.”

“నాకు తెలిస్తే ఏం లాభం? ఇప్పుడు దానికి తెలిసింది.”

పిన్ని పరుగున వెళ్ళి సార్జంటుగారి జీపు ముందు అడ్డంగా పడుకుంది. తిట్టాల్సినవన్నీ తిట్టింది, సీ ఫద్దూల్ ఏడు తరాల్నీ కడిగేసింది. సీ ఫద్దూల్ అప్పటికే మంత్రిగారి వెనక కారులో ఉన్నాడు. చివరికి బాబాయే, “లే తమీమూంత్, సార్జంటుగారికి ఆలస్యమవుతోంది” అని, పూతమందు డబ్బా ఆమె చేతిలో పెట్టి జీపెక్కాడు. ఈసారి బండి తియ్యమని ఎవర్నీ తొందరపెట్టలేదు.

మంత్రిగారి ఫొటో పత్రికల్లో మొదటి పేజీలో వచ్చింది. కొట్లో కూడా గోడకి పెద్దది కట్టించారు. కింద ‘మా మొదటి కొనుగోలుదారు’ అని రాయించారు. ఫొటోలో బాబాయ్ మోచేతిని పట్టుకున్న చెయ్యి ఒకటి అంచున కనపడుతుంది. ఎవరిదని చూడవచ్చినవాళ్ళు అడిగితే, సిబ్బంది సహాయం అని గీతా చెబుతుంది. చూడవచ్చేది పై అధికారులే. రెండో కొనుగోలుదారు ఇంకా రాలేదు.

మొన్న సంతకి తమీమూంత్ పిన్ని గుడ్ల బుట్టతో వచ్చింది. జైల్లో బాబాయ్‌ని చూసి వస్తోంది. మొహం వెలిగిపోతోంది.

“ఒరేయ్ ముహంద్, మీ బాబాయ్‌కి ఒక కంటికి ఆపరేషన్ అయిందిరా! జైలు డాక్టరు చేయించాడు. ఖైదీ కదా, కార్డు అడగలేదు. అల్‌హందులిల్లా. నన్ను చూసి ముసలిదానివైపోయావేంటే అన్నాడు!”

నేను లేచి టీ పోసిచ్చాను. ఇవాళ్టి టీకి డబ్బులు వద్దన్నాను. రెండో కన్ను ఎప్పుడని అడిగాను.

పిన్ని గ్లాసు కింద పెట్టింది.

“అదేరా వచ్చిన చిక్కు. రెండో కంటికి వంతు చలికాలం పోయాకట. ఈయన్నేమో చలికాలం మొదట్లో, ఆలివ్‌లు దులిపేనాటికే వదిలేస్తారట.”

“ఇప్పుడు కార్డుంది కదా పిన్నీ, తెత్వాన్ ఆసుపత్రికి వెళ్ళొచ్చుగా?”

“కార్డు కేసు కట్టలో పెట్టి కోర్టు బీరువాలో దాచార్రా. తిరిగి తీసుకోవాలంటే ఏదో ఒక కార్డు చూపించాలట.”

ఇద్దరం ఎదురుగా ఉన్న గాజు తలుపుల వైపు చూశాం. లోపల గీతా ఒంటరిగా సబ్బుల మీద దుమ్ము తుడుస్తోంది. పిన్ని నా వైపు వంగి, ఎవరైనా వింటారేమోనని గొంతు తగ్గించింది.

“సీ ఫద్దూల్‌ని కాస్త కనుక్కోరా. మంత్రిగారు మళ్ళీ ఎప్పుడొస్తారట? మీ బాబాయ్ ఆ కొట్లో ఇంకోటి కొనుక్కుంటాడు.”