బెంచీ మీద కూర్చుని గెలిచిన యుద్ధం

యుద్ధాన్ని తిట్టేవాళ్ళ ఇంట్లో రేడియో ఉండదు. ఉంటే తిట్టరు! ఉప్మా తింటూ శిఖరం ఎక్కవచ్చు, టీ తాగుతూ ఫిరంగి పేల్చవచ్చు, చెయ్యి కడుక్కునేలోగా శత్రువును తరిమేసి రావచ్చు. ఒంటి మీద గీత పడదు, చెప్పులకు దుమ్ము అంటదు. ఇంత సుఖమైన యుద్ధం మన తాతలకు ఎక్కడ దొరికింది చెప్పండి?

అనుమానం ఉన్నవాళ్ళు కార్గిల్ యుద్ధం నాటి జూన్‌లో హిందూపురం వచ్చి, సైకిల్ షాపు జిలాన్ ఇంటి ముందు ఒక్కరోజు కూర్చుని ఉండాల్సింది. ఆ వీధిలో టీవీలు ఉన్నాయి గానీ కరెంటు పోతే టీవీ ఉత్త పెట్టె. అందుకని జిలాన్ ముందురోజే ధర్మవరం వెళ్ళి, బావమరిది దగ్గర బ్యాటరీ రేడియో అడిగి తెచ్చాడు. జిలాన్, సాజిదాల కొడుకు రఫీ కార్గిల్‌లో జవాను. కాబట్టి కార్గిల్ వార్తలు ఆ ఇంటి ముందు బెంచీ మీద వింటేనే రుచి అని వీధి మొత్తం తీర్మానించింది.

రఫీ నుంచి కబురు లేక నెల దాటింది. సాజిదాకు కావలసింది ఒక్క ముక్క. కొడుకు బాగున్నాడా, లేదా? ఆ ఒక్క ముక్క తప్ప రేడియో అన్నీ చెప్పింది.

పొద్దున్నే దేశభక్తి గీతాలు. ఆ వెంటనే వార్తలు: ఫలానా శిఖరం మనదైపోయింది. బెంచీ చప్పట్లు కొట్టింది. రిటైరైన బస్సు కండక్టరు శంకరప్ప సుద్దముక్క తెప్పించి, అరుగు మీద కొండ బొమ్మ గీసి, సైన్యం ఎటు నుంచి ఎక్కాలో తేల్చేశాడు.

"ఎడమ పక్క నుంచి పోవల్లప్పా. పెనుకొండ గుట్ట ఎక్కి దిగినోణ్ణి, నాకు తెలీదా?"

ఇలాంటి వ్యూహకర్త హిందూపురంలో ఊరికే కూర్చున్నాడని ఢిల్లీకి తెలియకపోవడం దేశ దురదృష్టం!

వార్తలు వచ్చినప్పుడల్లా సాజిదా తడి చేతులతో గడప దాకా వచ్చి నిలబడేది. అయిపోగానే లోపలికి వెళ్ళేది. ఒకసారి ఉండబట్టలేక మొగుణ్ణి అడిగింది.

"మనోడి పేరు యాడన్నా చెప్పినారా?"

"బాగుండేటోళ్ళ పేర్లు రేడియోలో ఎందుకు చెప్తారు సాజిదా? చెప్పలేదంటే బాగుండాడనే," అన్నాడు జిలాన్. ఆ మాట అతను అప్పటికప్పుడు కల్పించాడు. అయినా ఆమెకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికింది. ఆ రోజంతా దాన్నే పట్టుకుని తిరిగింది.

మధ్యాహ్నం మహిళల కార్యక్రమం. కూరలో నూనె తగ్గిస్తే దేశానికి బలమని ఒక విదుషీమణి సెలవిచ్చారు. సాజిదా ఇంట్లో కూరకు నూనె తగ్గి ఏళ్ళయింది. ఇన్నాళ్ళూ అది లేమి అనుకుంది పాపం, దేశసేవ అని ఆ రోజే తెలిసింది. తర్వాత రైతుల కార్యక్రమం. అక్కడ నల్లమాడలో ఒక రైతు వేరుశనగ విత్తనాల కాయలు ఒలిచి పెట్టుకుని, వాన ఎప్పుడొస్తుందో చెప్తారని చెవి ఒగ్గాడు. కొండల మీద మంచు ఎన్ని అడుగులు పడిందో చెప్పారు. వేరుశనగకు మంచు పనికొస్తుందా అని అడగడం సంకుచిత బుద్ధి అవుతుంది.

సాయంత్రం వీధి చివర ఫ్యాన్సీ స్టోరు గిరిధర్ హడావుడిగా వచ్చాడు. కోరిన పాటలకు కార్డులు రాసి రేడియోలో పేరు చెప్పించుకోవడం అతని వ్యసనం.

"ఈ పొద్దు పాటల్లో ఒక విశేషం ఉండాది. అందురూ ఇనండి," అన్నాడు. విశేషం ఏమిటో మాత్రం చెప్పలేదు.

జవాన్ల కోసం పాటలు మొదలయ్యాయి. పరిగి నుంచి ఫలానావారు, తలుపుల నుంచి ఫలానావారు. సాజిదా పెరట్లో గిన్నెలు తోమి, చెంబుతో నీళ్ళు పట్టుకుని అప్పుడే లోపలికి వస్తోంది.

"హిందూపురానికి చెందిన జవాను షేక్ రఫీ..." అని అనౌన్సరమ్మ ఆగింది.

యుద్ధ సమయంలో అనౌన్సర్లు పాట చెప్పినా సంతాపసభలో చెప్పినట్టే చెప్తారు. భావం పలకాలి కదా! ఆ విరామంలో భావం బాగా పలికింది. సాజిదా చేతిలో చెంబు జారిపోయింది. ఆమె గోడకు జారగిలబడి కూలబడింది.

"...గారి కోసం వారి వీధివారు గిరిధర్, శంకరప్ప, మిత్రబృందం కోరిన గీతం."

బెంచీ ఈలలు వేసింది. గిరిధర్ గడప దగ్గరకు వచ్చి, "ఇన్నావా వదినా, మన రఫీ పేరు ఊరూరా ఇనింటారు," అన్నాడు. జిలాన్ సాజిదా పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పాటకంట సాజిదా. ఉత్త పాటకే." లేచి వెళ్ళి రేడియో ఆపబోయాడు.

"ఏమప్పా జిలాన్, దేశం పాటను నడిమధ్యలో ఆపితే చూసేటోళ్ళు ఏమనుకుంటారు? నీకు నేను చెప్పల్లా?" అన్నాడు శంకరప్ప. మంచికే అన్నాడు. ఆ వీధిలో దేశభక్తి పాటను ఎవరైనా ఆపెయ్యవచ్చు, ఆపి నిద్రపోవచ్చు. జిలాన్ అనే పేరున్నవాడు మాత్రం ఆలోచించుకోవాలి, కొడుకు కార్గిల్‌లో ఉన్నా సరే. జిలాన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పాట పూర్తిగా వచ్చింది.

దీపాలు పెట్టే వేళకు మళ్ళీ వార్తలు. సాజిదా ఈసారి గడప దాటి వచ్చి బెంచీ పక్కనే నిలబడింది. ఇంకో శిఖరం మనదైంది. శత్రువుకు భారీ నష్టం, మనవైపు నష్టం స్వల్పం. ఇంతటితో యుద్ధ వార్తలు సమాప్తం, ఇక క్రికెట్. శంకరప్ప తృప్తిగా తువ్వాలు దులుపుకుని లేచాడు.

"అన్నా, స్వల్పమంటే ఎవురెవురు?" అంది సాజిదా.

"అట్లాంటివి చెప్పరమ్మా."

"పాట అడిగినోళ్ళ పేర్లు ఊర్లతో సహా చెప్పినారు కదన్నా."

శంకరప్ప తువ్వాలు మళ్ళీ దులుపుకున్నాడు. సాజిదా మొగుడి వైపు తిరిగింది.

"అంటే పోయినోళ్ళ పేర్లు కూడా చెప్పరన్నమాట," అంది.