రెండు కోర్లదా, నాలుగు కోర్లదా

ఒక పెద్ద అడవిలో, పెద్దదైనందుకు ఒక ఆఫీసు కూడా పెట్టుకున్న అడవిలో, మంగతాయి అనే ముంగిస గుమస్తాగా పనిచేసేది. ఆకారం చిన్నదేగానీ ఆఫీసు మొత్తం ఆమె మీదే నడిచేది. అలా నడుస్తోందన్న సంగతి ఆఫీసులో మిగతావాళ్లెవరికీ తెలియదు.

ఆమెకు ముగ్గురు పిల్లలు, ఈ ఎండాకాలంలోనే పుట్టినవాళ్లు. వాగు పక్కన పల్లంలో, ఒక బొరియలో కాపురం. వాన గట్టిగా పడితే వాగు నేరుగా ఆ బొరియలోకి వచ్చేస్తుంది. పల్లంలో ఉన్న ఇళ్లన్నిటిదీ అదే గతి. అందుకని ఏటా తొలకరికి ముందు, మిట్ట మీదున్న పద్దెనిమిది గుహలను, గుహకి డజను ఇళ్ల చొప్పున, జాబితా వేసి పంచేవాళ్లు. పిల్లలున్న ఇళ్లకి ముందు, తర్వాత ముసలివాళ్లకి, ఆఖర్న ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకి. ఆ జాబితా రాసేది మంగతాయే. అందులో తన పేరు రాసుకోవాల్సిన అవసరం మాత్రం ఈ ఏడే మొదటిసారి వచ్చింది.

అడవి సంఘానికి అధ్యక్షుడు బలభద్రయ్య అనే ఎలుగుబంటి. ఆయనకు నలుగురు బామ్మర్దులు. ఇంట్లో పిల్లలున్నా వాగు తగలని మిట్ట కిందే కాపురం కాబట్టి జాబితాలో వీళ్ల పేర్లు ఎప్పుడూ చివర్నే ఉండేవి, అందరికీ కలిపి ఒకటే గుహ వచ్చేది. వానాకాలమంతా ఐదు ఎలుగుబంటి కాపురాలు ఒకే గుహలో పడుకుంటే ఆ వాసనెలా ఉంటుందో వాళ్లకే తెలియాలి.

ఈసారి బలభద్రయ్య ఒక తీర్మానం తెచ్చాడు. చేత్తో రాసే జాబితాలో పక్షపాతం ఉంటుందట. ఇకనుంచి జాబితా కంప్యూటర్లోంచే రావాలట, చేత్తో రాసింది చెల్లదట. కంప్యూటర్‌కి చుట్టాలుండరు కదా అని ఆయనంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఏటా రాసీ రాసీ వేళ్లు నొప్పులు పుట్టిన మంగతాయి అందరికన్నా గట్టిగా కొట్టింది.

టౌన్లో పాత సామాన్లు ఏరుకొచ్చి అమ్మే నూకరాజు అనే కాకి రెండు లాప్‌టాప్‌లు తెచ్చాడు. రెండూ సెకండ్‌హ్యాండువే. స్క్రీన్ ఒకే సైజు, మీటల మీద అక్షరాలు ఒకేలా చెరిగిపోయాయి. తేడా అంతా లోపలున్న ప్రాసెసర్‌లోనే.

"పనంతా ప్రాసెసర్‌దేనండి," అన్నాడు నూకరాజు. "దాంట్లో కోర్లని ఉంటాయి. కూలీలనుకోండి. దీంట్లో ఇద్దరేగానీ గబగబా చేసేస్తారు. దాంట్లో నలుగురుగానీ కాస్త నిదానం. ఇది తొమ్మిది తేనెపట్లు, అది పదకొండు. రెండూ పాతవే, రెండూ పనిచేస్తాయి."

రెండొందల పన్నెండు ఇళ్ల జాబితాకి పనికొస్తాయా అని మంగతాయి అడిగింది. దేంతోనైనా ఒక్క పూటలో అయిపోతుందన్నాడు.

విషయం అక్కడితో తేలిపోవాలి. తేలిపోతే దాన్ని ఆఫీసు అనరు. ప్రజల సొత్తు కాబట్టి తొందరపడకూడదని బలభద్రయ్య ఒక పోలిక సంఘం వేశాడు. అందులో తను, తన నలుగురు బామ్మర్దులు, ఏ కాగితం చూసినా 'మరోసారి ఆలోచిద్దాం' అనే తాబేలు కామేశం గారు. వీళ్లకి సలహాదారు గవర్రాజనే కొండముచ్చు. ఘాట్ రోడ్డు పక్కన టీకొట్టు రేకుల మీద కూర్చుని, ఆగిన ప్రయాణికుల ఫోన్లలో రివ్యూ వీడియోలు చూడటమే గవర్రాజు చదువు. జన్మలో ఒక్క మీట నొక్కి ఎరగడు. కాబట్టి తప్పు మీట నొక్కాడన్న చెడ్డపేరు కూడా అతనికి లేదు.

వాగు అవతల పాడుబడిన కాపలా గదికి సోలార్ పలక ఉంది. ఛార్జింగ్ కోసం సంఘం అక్కడే కూర్చుంది.

మొదటివారం గవర్రాజు రెండిటికీ పరీక్షలు పెట్టాడు. రెండు కోర్లదానికి పదకొండొందల ఇరవై మార్కులు, నాలుగు కోర్లదానికి పదకొండొందల అరవై నాలుగు వచ్చాయి. ఆ నలభై నాలుగు మార్కుల మీద మధ్యాహ్నం దాకా మాట్లాడారు, తిని వచ్చి మళ్లీ మాట్లాడారు. రెండోవారం నెమలి నాట్యం వీడియోని కత్తిరించి చూశారు. రెండు కోర్లది బలభద్రయ్య ఒళ్లో పెట్టగా ఆయన ఎగిరి లేచాడు. 'వేడి కలదు' అని మంగతాయి రాసుకుంది. నాలుగు కోర్లది చల్లగానే ఉందిగానీ అది పని ముగించేసరికి నెమలికి ఈకలు రాలే కాలం వచ్చేలా ఉంది. గేమింగ్‌కి మాత్రం రెండూ దండగేనని గవర్రాజు పెదవి విరిచాడు. ఆ అడవిలో గేములాడేవాళ్లు లేరు. అయినా అందరూ కాసేపు దిగులుపడ్డారు.

కామేశం గారు మార్కులని తేనెపట్లతో భాగిస్తేగానీ అసలు విలువ తెలియదన్నారు. భాగిస్తే రెండు కోర్లది గెలిచింది. ఛార్జింగ్ ఎన్ని గంటలు నిలుస్తుందో కూడా కలిపితే నాలుగు కోర్లది గెలిచింది. ఇవి రోజురోజుకీ పాతబడే వస్తువులు కాబట్టి ఆగేకొద్దీ చవకవుతాయని కూడా ఆయనే కనిపెట్టారు. నిజంగానే నూకరాజు వారానికో తేనెపట్టు తగ్గిస్తూ వచ్చాడు. ధర తగ్గినప్పుడల్లా సంఘం తనని తాను మెచ్చుకుని, మళ్లీ మొదటినుంచి భాగించేది.

ప్రతిసారీ పట్టిక కొత్తగా రాయాలి. అది మోదుగాకుల మీద మంగతాయి చేత్తోనే రాయాలి. జాబితా చేత్తో రాస్తే చెల్లదుగానీ పోలిక పట్టిక చేత్తో రాసినా చెల్లుతుందట. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంటికెళ్లి బొరియ గోడ తడిమితే రోజురోజుకీ చెమ్మ పెరుగుతోంది. నైరుతి మూల మబ్బులు చేరుతున్నాయి. పిల్లలకి ఇంకా గట్టిగా పరిగెత్తడం కూడా రాదు. ఆమెకు భయమేసింది. మర్నాడు మీటింగులో లేచి నిలబడింది.

"అయ్యా, జాబితా వేయడానికి ఎన్ని మార్కులు సరిపోతాయండీ?"

గవర్రాజు తన తోక వంక చూసుకున్నాడు. ఆ ప్రశ్న సంఘం పరిధిలోకి రాదని మినిట్స్‌లో రాయమన్నాడు బలభద్రయ్య. అది కూడా మంగతాయే రాసింది.

ఆ మధ్యాహ్నం ఆమె ఆకులు సర్దుతుండగా బలభద్రయ్య తన పెద్ద బామ్మర్దితో మాట్లాడాడు. గుమస్తా గదిలో ఉంటే ఎవరూ లేనట్టే లెక్క కాబట్టి గొంతు కూడా తగ్గించలేదు.

"పాత కట్టుబాటు మర్చిపోయావట్రా? జాబితా లేని ఏడు, మొదటి చినుకు పడ్డాక ఎవరు ముందు కాలు పెడితే గుహ వాళ్లదే. మిట్ట కింద ఉన్నది మనమే. పల్లంవాళ్లు ఎక్కేసరికి మనం తలా మూడు గుహలూ చూసుకోవచ్చు. చినుకు దాకా ఈ పోలిక లాగితే చాలు."

మంగతాయికి ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఒళ్లు మండింది. ఎదురు తిరిగితే పరిధిలోకి రాదంటారు. కానీ నెలన్నర నుంచి ఆ గదిలో కూర్చుని వాళ్లని చూస్తున్నది ఆమే. బామ్మర్దుల్లో ఇద్దరు రెండు కోర్ల పక్షం, ఇద్దరు నాలుగు కోర్ల పక్షమయ్యారు. ఆ రెండు పక్షాలకీ వారం నుంచి మాటల్లేవు. నాటకంగా మొదలుపెట్టిన బలభద్రయ్య కూడా నిద్రలో నాలుగు కోర్లని కలవరిస్తున్నాడని ఆయన భార్యే చెప్పింది.

మంగతాయి తిన్నగా నూకరాజు దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, ఇంకో లాప్‌టాప్ ఉందా? వేగం రెండు కోర్లదానికన్నా కాస్త ఎక్కువ, ఛార్జింగ్ నాలుగు కోర్లదానంత, ధర రెండిటికీ మధ్యలో ఉండేది?"

"ఉందమ్మా, అదీ పాతదే. కానీ వాళ్లు కొనరు కదా."

"కొనక్కర్లేదు బాబాయ్. చూస్తే చాలు."

ఆ తర్వాత పల్లంలోని ఇళ్లన్నీ తిరిగి, పొద్దున్నే పిల్లాపాపలతో మిట్ట మొదట్లో ఉండమని చెప్పింది. ఎలుగుబంట్ల ఆడవాళ్లకి కూడా చెప్పింది. మగవాళ్లు వాళ్లకి ఏ సంగతీ చెప్పలేదు కాబట్టి సరేనన్నారు.

మర్నాడు తెల్లారేసరికి ఆకాశం నల్లబడి ఉంది. కాపలా గదిలో బలభద్రయ్య ఒకసారి కిటికీలోంచి చూసి, ఈ పూటకి వాయిదా అంటూ లేచాడు. బామ్మర్దులూ లేచారు. సరిగ్గా అప్పుడు నూకరాజు మూడోది తెచ్చి బల్లమీద పెట్టాడు.

గవర్రాజు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఇలాంటిదాన్ని చూడకుండా నిర్ణయిస్తే రేపు మనల్ని ఏమంటారో అన్నాడు. కామేశం గారు మరోసారి ఆలోచిద్దామన్నారు. ఒక బామ్మర్ది కూర్చున్నాడు. అతను కూర్చున్నాడు కదా అని అవతలి పక్షం కూడా కూర్చుంది. బలభద్రయ్య గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు.

"ఒక్క వేడి పరీక్ష చూసి వెళ్దాం," అన్నాడు. "ఐదు నిమిషాలు."

ఆకులైపోయాయి, తెస్తానని చెప్పి మంగతాయి బయటపడింది. పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని నోట కరుచుకుని మిట్ట మొదటికి చేర్చింది. మూడోవాడిని దించేసరికి ఆమె ముక్కు మీద చినుకు పడింది.

జాబితా ఆమెకు కంఠతా వచ్చు. నిలబడి పేర్లు పిలిచింది, ఒక్కో ఇల్లూ వెళ్లి తనకి చెప్పిన గుమ్మంలో కాలు పెట్టింది. తోపులాట లేదు. పిల్లలున్న ఇళ్లు ముందు కాబట్టి ఎలుగుబంట్ల ఆడవాళ్లకీ పిల్లలకీ తన గుహలోనే చోటిచ్చింది. పూటలో పని అయిపోయింది.

సాయంత్రానికి సంఘం తడిసి ముద్దై వచ్చింది. కామేశం గారికి సొంత ఇల్లు వీపు మీదే ఉంది కాబట్టి ఆయనకి ఏ తొందరా లేదు. మిగతావాళ్లు పద్దెనిమిది గుహలూ చూసుకుంటూ ఆఖరుకి మంగతాయి గుమ్మం ముందు నిలబడ్డారు.

"ఎవరిచ్చారు వీళ్లకి గుహలు? జాబితా ఏదీ?" అన్నాడు బలభద్రయ్య.

"లాప్‌టాప్ తేలలేదు కదండీ, జాబితా వేయలేదు. లేని ఏడు ఎవరు ముందు కాలు పెడితే వాళ్లదేనని తమరే అన్నారు."

ఆమె వెనకనుంచి ఆయన భార్య తల బయటికి పెట్టి, మీటింగయిందా అని అడిగి, పిల్లలు పడుకున్నారు గట్టిగా మాట్లాడొద్దని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

బలభద్రయ్య ముక్కు చివరనుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన గొంతు మెత్తబడింది.

"ఏదో ఒకటి కొనెయ్యి మంగతాయీ. ఇప్పుడే కొని జాబితా వేసెయ్యి. చివర్న వేసినా ఫర్లేదు, ఒక్క గుహ చాలు."

"అలాగేనండీ. ఏది కొనమంటారు?"

"నాలుగు కోర్లది," అన్నాడు బలభద్రయ్య.

"అదెలా బావా?" అన్నాడు వెనకనుంచి చిన్న బామ్మర్ది. మూడోదానికి ఛార్జింగ్ పరీక్ష ఇంకా కాలేదని గవర్రాజు గుర్తుచేశాడు. ఆరుగురూ ఆ వానలోనే ఒక రాతి మీద కూర్చుని, మొదటినుంచి మొదలుపెట్టారు. మంగతాయి కాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత లోపలికెళ్లి, పొడిగా ఉన్న నేల మీద, పిల్లల పక్కన ఒళ్లు వాల్చింది.

నీతి: కొనేముందు పోల్చుకోవడం మంచిదే, తలదాచుకోవడానికి చోటు దొరకాలంటే మాత్రం పోల్చే పని అవతలివాళ్లకి అప్పజెప్పడం ఇంకా మంచిది.