కర్టెన్లు మూసి పుట్టించిన ఎండ

సూర్యుడికి ఫొటోగ్రఫీ రాదు. ఇన్ని కోట్ల ఏళ్ళ సర్వీసుండి కూడా వెలుతురు ఎక్కడ వేయాలో, ఎంత వేయాలో ఆయనకింకా తెలియదంటే నమ్ముతారా?

నేనూ నమ్మలేదు. అమ్మ రిటైరైన మర్నాడు మా ఇంటికొచ్చిన ఫొటోగ్రాఫర్ నా అజ్ఞానం వదిలించాడు.

ఉదయం పదకొండు గంటలు. ముందు గదిలో గోడంత కిటికీ. ఎండ నేల మీద చాప పరిచినట్టు పడి ఉంది. ఆయన దాన్ని చూసి ముఖం చిట్లించి, "ఈ లైట్ పనికిరాదు సార్, కర్టెన్లు వేసేయండి" అన్నాడు. వేశాం. గది చీకటైంది. అప్పుడు రెండు స్టాండ్లు నిలబెట్టి, వాటికి ఫ్లాష్‌లు తగిలించి, తెల్ల గొడుగులు విప్పి, కెమెరా నెత్తిన రేడియో ట్రిగ్గర్ కూర్చోబెట్టాడు. ఇక్కడ నొక్కితే అక్కడ వెలుగుతుందట. వైర్లే లేవు!

"ఇదంతా దేనికండీ?" అన్నాను.

"కిటికీలోంచి ఎండ పడినట్టు న్యాచురల్‌గా వస్తుంది సార్."

ఇంతకంటే పురోగతి ఇంకేం కావాలి? పైగా ఉపకారాలు ఎన్నని! స్టాండ్ల కోసం సోఫా జరిపితే, ఏళ్ళ తరబడి కనబడని నాన్న కళ్ళజోడు దొరికింది. బాబాయి స్టాండు కాలికి తట్టుకుని బోర్లా పడబోతే ఫొటోగ్రాఫర్ పరుగున వచ్చి పట్టుకున్నాడు, స్టాండుని.

అమ్మకు ఒకటే కోరిక. ఫ్లాష్ పడితే చాలు, ఆవిడ కళ్ళు మూసుకుపోతాయి. పెళ్ళి ఫొటో నుంచి ఆఫీసు ఐడీ కార్డు దాకా అన్నిట్లో నిద్రపోతున్నట్టే ఉంటుంది. "ఒక్కదాంట్లోనైనా కళ్ళు తెరుచుకుని ఉండాలిరా, ఈసారి మంచివాణ్ణి పిలువు" అంది. పిలిచాను. నూట నలభై సార్లు ఫ్లాష్ వెలిగింది. నూట నలభై సార్లూ అమ్మ కళ్ళు మూసుకుంది. "రిలాక్స్ మేడమ్" అంటూ ఆయన పవర్ పెంచాడు.

అంతలో ఫ్లాష్‌లు వెలగడం మానేశాయి. ట్రిగ్గర్‌లో బ్యాటరీ అయిపోయిందట. ఆయన సంచి కుమ్మరించి వెతుకుతుంటే, అమ్మ వెళ్ళి కర్టెన్ తీసింది. ఎండ ముఖం మీద పడింది.

"ఇకనుంచి రోజంతా ఇంట్లోనే ఉంటావంటే నాకు భయంగా ఉందే" అన్నాడు నాన్న.

అమ్మ ఆయన వైపు తిరిగి, కళ్ళు ఇంతలేసి చేసుకుని పకపకా నవ్వింది. అప్పుడే క్లిక్‌మంది. సంచిలో దొరికిన పాత బ్యాటరీ వేసి, ఫ్లాష్ వెలుగుతుందేమోనని ఫొటోగ్రాఫర్ అమ్మ వైపు నొక్కి చూశాడు. వెలగలేదు. కొత్త బ్యాటరీ పడింది, కర్టెన్లు మళ్ళీ మూసుకున్నాయి.

నిన్న ఆల్బమ్ వచ్చింది. ఏం నాణ్యత! అమ్మ కనురెప్పల మీద ముడతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. కిటికీ దగ్గరి ఫొటో ఏదని ఫోన్ చేశాను.

"అదా సార్? ఫ్లాష్ పడలేదు కదా, అక్కడికక్కడే డిలీట్ చేసేశా."

"పోనీలేరా, పాపం చాలా కష్టపడ్డాడు" అంది అమ్మ, ఆల్బమ్ మూస్తూ. నాకు మాత్రం పోనీలే అనిపించడం లేదు. నలభై ఏళ్ళకు అమ్మ కళ్ళు తెరిచి నవ్విన ఫొటో ఒక్కటే వచ్చింది. అదీ పోయింది.

సూర్యుడికి ఫొటోగ్రఫీ రాదని ముందే చెప్పాను కదా. తీసినదాన్ని చెరిపేయడం కూడా ఆయనకు చేతకాదు.